సంతకు ముందు తొంభై రోజులు

పిల్లలూ, మీ ఇంట్లో కూరలు ఎవరు తెస్తారు? అమ్మో, నాన్నో, తాతయ్యో సంచీ పుచ్చుకుని బజారుకు వెళ్ళి తెస్తారు. తెచ్చి పెట్టగానే ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "అబ్బ, టమాటాలు ఎంత ప్రియమైపోయాయి!" మరి కొన్నాళ్ళకు అదే నోటితో, "టమాటాలు మరీ చవగ్గా ఉన్నాయని రెండు కిలోలు తెచ్చాను" అంటారు. కాయ అదే, రంగు అదే, రుచి అదే. ధర మాత్రం ఒకసారి కొండెక్కి కూర్చుంటుంది, ఇంకోసారి గోతిలో పడుతుంది. ఈ ధర అనేది ఎక్కడ పుడుతుంది? ఎప్పుడు పుడుతుంది?

"బజారులో పుడుతుంది, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ బేరమాడుకున్నప్పుడు పుడుతుంది" అని మీరు చెప్పవచ్చు. ఆ జవాబు సగం నిజం. నేనొక చిన్న సంత నడుపుతున్నాను గనక ఆ సగం నాకు బాగా తెలుసు. రెండో సగం మాత్రం సంతలో దొరకలేదు. అది నాకు పొలంలో దొరికింది. ఎలా దొరికిందో చెబుతాను, వినండి.

మాది కృష్ణా డెల్టాలో కాలవ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పల్లె కంటె పెద్దది, పట్నం కంటె చిన్నది. చుట్టూ వరి పొలాలు, కాలవ గట్ల వెంబడి కూరపాదులు. అయినా మా ఊరి కొట్లలో కూరగాయలు చాలావరకు నగరంలోని పెద్ద మార్కెట్టు నుంచి వచ్చేవి. చిత్రమేమిటంటే, వాటిలో కొన్ని మా చుట్టుపక్కల పండినవే! సాయంకాలం మా ఊరి మీదుగా లారీ ఎక్కి నగరానికి వెళ్ళి, మర్నాడు మళ్ళీ మా ఊరికే తిరిగి వచ్చేవి. ఈ ప్రయాణంలో కాయ వాడేది, నలిగేది. ధర మాత్రం పెరిగేది!

అందుకని 2019 జనవరిలో ఊళ్ళో కొందరం కలిసి పాత సత్రం ఆవరణలో ఆదివారం సంత మొదలుపెట్టాం. ఈ ఆలోచన మేం కనిపెట్టింది కాదు. 1987లో పంజాబ్‌లో "అప్నీ మండీ" అనే పేరుతో రైతుల సంతలు మొదలయ్యాయి. 1999 జనవరి 26న మన ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు వచ్చాయి. అదే సంవత్సరం తమిళనాడులో "ఉళవర్ సందై" వచ్చింది. అన్నిటికీ మూలసూత్రం ఒకటే: పండించినవాడే వచ్చి అమ్మాలి. మా సంత వాటికి చిన్న చెల్లెలులాంటిది. వారానికి ఒక్కరోజు, తెల్లవారి ఆరు గంటలనుంచి పది గంటలదాకా జరుగుతుంది. పాతిక ముప్ఫైమంది రైతులు వస్తారు. అందరూ చిన్న రైతులే.

నేను వారంలో ఆరు రోజులు ఒక మందుల దుకాణంలో లెక్కలు రాస్తాను. అందుచేత సంత లెక్కలు కూడా నా నెత్తినే పడ్డాయి. ఆదివారం అయిదు గంటలకే వెళ్ళి స్థలం ఊడిపించాలి, ఎవరి గంప ఎక్కడ పెట్టాలో చూపించాలి, తూకాలు పరీక్ష చెయ్యాలి.

తూకం పరీక్ష చెయ్యటం ఎలాగో మీకూ చెబుతాను, ఇది మీరు ఎక్కడైనా చెయ్యవచ్చు. చేతి త్రాసుకు రెండు పళ్ళేలుంటాయి గదా. ఒక పళ్ళెంలో కిలో రాయి, రెండోదానిలో కాయలు వేసి సరితూచండి. ఇప్పుడు రాయిని కాయల పళ్ళెంలోకి, కాయలను రాయి పళ్ళెంలోకి మార్చండి. త్రాసు నికరమైనదైతే మళ్ళీ సరిగానే నిలుస్తుంది. దాని కాడ ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి అయితే వెంటనే ఒక పక్కకు ఒరిగిపోయి గుట్టు బయటపెడుతుంది. రాళ్ళమీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదో లేదో కూడా చూడాలి. ఇప్పుడు చాలామంది కరెంటు కాటాలు తెస్తున్నారు. వాటిని ముద్ర ఉన్న రాయి పెట్టి పరీక్షిస్తాం.

తరువాత ధరల పలక. ముగ్గురు రైతులూ, కొనేవాళ్ళలో ఇద్దరూ కూర్చుని ధర నిర్ణయిస్తారు. పెద్ద మార్కెట్టులో టోకు ధర కిలో 20 రూపాయలు, కొట్లో చిల్లర ధర 40 రూపాయలు అనుకోండి. మా పలకమీద 30 రాస్తాం. రైతుకు పది ఎక్కువ వచ్చింది, కొనేవారికి పది తగ్గింది.

"మరి మధ్యలోవాళ్ళు అంత సొమ్ము కాజేస్తున్నారా?" అని మీకు కోపం రావచ్చు. తొందరపడకండి. 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక పరిశోధన పత్రం ప్రకారం, టమాటాకు మనం ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. మిగిలిన 67 పైసల్లో మారుబేరగాళ్ళ లాభంతోపాటు లారీ బాడుగ, హమాలీ, కొట్టు అద్దె, దారిలో చితికిపోయిన కాయల నష్టం కూడా ఉన్నాయి. మా సంతలో ఆ పనులన్నీ రైతే చెయ్యాలి. కాయ కోసి, మోసుకువచ్చి, నాలుగు గంటలు కూర్చుని అమ్మాలి. అతను ఇక్కడ కూర్చున్నాడు గదా అని పొలంలో కలుపు పెరగటం ఆపదు! రైతుకు ఎక్కువ వచ్చిన ఆ పది రూపాయలు ఊరికే రాలేదన్నమాట.

పది గంటలకు సంత ముగియగానే ప్రతి రైతూ ఏ కూర ఎన్ని కిలోలు అమ్మాడో చెబుతాడు. నేను పుస్తకంలో రాసుకుంటాను. ఈ పుస్తకాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. దీనితో తరువాత పని ఉంది.

సంత నడిపేవాళ్ళను జనం ఊరుకోనివ్వరు. "కాకరకాయ ఇవ్వాళ ఎందుకు రాలేదు?" "వంకాయలో పురుగెందుకుంది?" "పోయిన వారం బెండకాయ లేతగా ఉంది, ఈ వారం ముదిరిందేం?" అని ప్రశ్నలు. నేను ఆ ప్రశ్నలను మోసుకుని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన యాభై ఏళ్ళుగా కూరపాదులు పెంచుతున్నాడు. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఒకరోజు ఆయన విసుగెత్తి, "ఎన్నని చెప్పను అమ్మాయ్? నా పక్కన ఇరవై సెంట్లు ఖాళీగా ఉంది. కౌలుకు తీసుకో. అన్నిటికీ అదే సమాధానం చెబుతుంది" అన్నాడు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు. 2021 జూన్‌లో ఆ ఇరవై సెంట్లూ తీసుకున్నాను. అప్పటినుంచి పొద్దున్నే పొలం, పగలు దుకాణం, ఆదివారం సంత.

నాకు మొదటి పాఠం బెండ మొక్క చెప్పింది. విత్తిన నలభై అయిదు, యాభై రోజులకు మొదటి కోత వచ్చింది. బెండపువ్వు చూశారా? పసుపు రంగులో ఉండి, నడిమధ్య ముదురు ఎరుపు ఉంటుంది. ఆ పువ్వు పూసిన అయిదారు రోజులకు కాయ కొయ్యాలి. దాటితే లోపల పీచు కడుతుంది. అందుకే అమ్మ బెండకాయ కొన విరిచి చూస్తుంది. పుటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. అంటే రెండు రోజులకొకసారి తోటంతా కోస్తూ ఉండాలి. కాని సంత వారానికి ఒక్కసారే! నేను బాబాయ్‌ని అడిగాను:

"సోమవారం కోసినవి ఏం చెయ్యాలి బాబాయ్? ఆదివారం దాకా ఉంచటానికి లేదు గదా?"

"బెండకాయకు ఆదివారం తెలియదు అమ్మాయ్. ఆదివారమే బెండకాయను తెలుసుకోవాలి" అన్నాడాయన.

ఆ మాట సంతలో చెప్పాను. నెల తిరక్కుండా బుధవారం సాయంకాలం కూడా ఒక చిన్న అంగడి పెట్టాం. బెండ, ఆకుకూరలు, బీర, ఇలా ఆగలేని కూరలకు మాత్రమే.

రెండో పాఠం ఆకుకూర చెప్పింది. కోసిన తరువాత కూర చచ్చిపోయిందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. కోసిన కాయా, ఆకూ ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. తమలో దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకుంటూ, వేడిని వదులుతూ ఉంటాయి. ఎంత ఉక్కగా ఉంటే అంత తొందరగా ఊపిరి తీస్తాయి, అంత తొందరగా వాడిపోతాయి. వేరు నుంచి నీరు రావటం ఆగిపోయింది గాని, ఆకులోని సన్నని రంధ్రాల గుండా నీరు పోవటం ఆగలేదు. అందుకే రైతు తోటకూరను ఎండెక్కక ముందే, రాత్రంతా తాగిన నీటితో ఆకు నిండుగా ఉన్నప్పుడే కోస్తాడు. తడి గోనెపట్టా కప్పి తెస్తాడు. పట్టాలోని తడి ఆరేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. మన ఇంట్లో మట్టికుండ నీటిని చల్లబరిచేది కూడా ఇలాగే.

ఇది తెలిసిన తరువాత సంతలో గంపల వరస మార్చాం. సత్రం తూర్పు గోడ నీడ తొమ్మిది దాకా ఉంటుంది. ఆ నీడ ఆకుకూరల వాళ్ళకిచ్చాం. గుమ్మడికాయలూ, కందా కాస్త ఎండను ఓర్చుకుంటాయి గనక అవి బయటికి వెళ్ళాయి.

నేను పండించిన కూరలు కూడా సంతకు తేవటం మొదలుపెట్టాక ఒక చిక్కు వచ్చింది. ధరల పలక రాసేది నేను. నా గంపలో బీరకాయలుంటే, బీరకాయ ధర రూపాయి పెంచాలని నాకు అనిపించదని ఎవరు చెప్పగలరు? అందుచేత మొదటి రోజునే ఒక కట్టు పెట్టుకున్నాను. నా గంపలో ఏ కూర ఉంటే ఆ కూర ధర చర్చలో నేను నోరు విప్పను. నా గంప వరసలో ఆఖరున, గేటుకు దూరంగా ఉంటుంది. రెండు పళ్ళేలమీదా ఒకే మనిషి చెయ్యి ఉంటే ఎంత నికరమైన త్రాసునైనా జనం నమ్మరు.

ఇక టమాటాల సంగతి. 2021 నవంబరులో రాయలసీమలో విపరీతమైన వానలు కురిసి వరదలు వచ్చాయి. టమాటాకు పేరుమోసిన చిత్తూరు జిల్లాలో తోటలు దెబ్బతిన్నాయి. దేశమంతటా ధర పెరిగింది. చాలాచోట్ల కిలో 100 రూపాయలు దాటింది. మా సంత రైతులు ఆ ధర చూశారు. చూసినవాడల్లా ఇంటికి వెళ్ళి టమాటా నారు పోశాడు.

టమాటా ఎన్నాళ్ళ పంటో తెలుసా? నారుమడిలో పాతిక రోజులు. పీకి నాటిన తరువాత ఇంకొక అరవై అయిదు రోజులకు మొదటి పళ్ళు. మొత్తం తొంభై రోజులు. నవంబరు నాలుగో వారానికి తొంభై రోజులు కలపండి. ఫిబ్రవరి నాలుగో వారం వస్తుంది.

2022 ఫిబ్రవరి 27, ఆదివారం. సత్రం ఆవరణ అంతా ఎర్రగా ఉంది. మామూలుగా మా సంతలో 300 కిలోల టమాటాలు అమ్ముడవుతాయి. ఆ రోజు పదకొండుమంది రైతులు 900 కిలోలు తెచ్చారు! నా నలభై మొక్కల పళ్ళు, పన్నెండు కిలోలు, అందులో ఉన్నాయి. టోకు ధర అయిదు రూపాయలు, కొట్లో పదిహేను. పలకమీద పది రాశారు. ఎనిమిది గంటలకు కొనేవాళ్ళు పలచబడ్డారు. పళ్ళ పెట్టెలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాళ్ళలో కాలవ అవతలి కౌలు రైతు ఒకడున్నాడు. బెండ, వంగ తీసేసి, ఉన్న పదిహేను సెంట్లూ టమాటాయే నాటాడు. అందుకోసం అప్పు కూడా చేశాడు. అతనికి ఏడో తరగతి చదివే కూతురుంది. ఆదివారంనాడు తండ్రి పక్కన కూర్చుని డబ్బు లెక్క చూసేది ఆ పిల్లే. తండ్రికి పలక చదవటం రాదు. ఆ పిల్లకు మాత్రం కూడికలు, తీసివేతలు నోటిలెక్క.

తొమ్మిది గంటలకు ఆ పిల్ల వేళ్ళమీద లెక్కపెట్టి, "నాన్నా, తొంభై కిలోలు తెచ్చాం. ఇరవై ఎనిమిది అమ్మాం. 280 రూపాయలు వచ్చాయి. ఆటోకు 200 పోతే 80 మిగులుతుంది" అన్నది. తండ్రి మాట్లాడలేదు. తువ్వాలుతో పెట్టెలమీది ఈగలను తోలుతూ కూర్చున్నాడు.

తరువాత ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి అడిగింది:

"అత్తా, నవంబరులో కిలో వంద రూపాయలు అన్నారు గదా, ఆ వంద ఎవరికి వచ్చింది?"

"అప్పుడు పళ్ళు చేతిలో ఉన్నవాళ్ళకు" అన్నాను.

"వాళ్ళు ఎప్పుడు వేశారు?"

తొంభై రోజులు వెనక్కి లెక్కపెట్టి, "ఆగస్టులో" అన్నాను.

"ఆగస్టులో ధర ఎంత?"

నేను సంత పుస్తకం తిరగేశాను. ఆ ఆగస్టులో ధర నేలమీద ఉంది. అందుకే అప్పుడు మావాళ్ళెవరూ టమాటా వెయ్యలేదు.

"అయితే మా నాన్న నవంబరులో చూసింది మాకు వచ్చే ధర కాదు. ఆగస్టులో వేసినవాళ్ళ ధర" అన్నది ఆ పిల్ల.

చూశారా! నేను మొదట చెప్పిన రెండో సగం ఇదే. ధర సంతనాడు కనిపిస్తుంది గాని, సంతనాడు పుట్టదు. విత్తనం వేసిననాడే పుడుతుంది. అందరూ ఒకేసారి విత్తితే అందరికీ ఒకేసారి పండుతుంది. అప్పుడు ఎంత మంచి సంత అయినా ఏమీ చెయ్యలేదు. ఊరివాళ్ళ కడుపులు మూడింతలు పెరగవు గదా.

ఆ రోజు మిగిలిన పళ్ళను ఒక హోటలువారు కిలో నాలుగు రూపాయలకు కొన్ని తీసుకున్నారు. తక్కినవి కోసి చాపలమీద ఎండబెట్టాం. టమాటాలో నూటికి 94 వంతులు నీరే. పదహారు కిలోల పళ్ళు ఎండితే ఒక్క కిలో పైచిలుకు ఒరుగులు వచ్చాయి.

మర్నాటి ఆదివారం సంత అయిపోయాక రైతులందరం కూర్చున్నాం. ఇప్పుడు ఆ పుస్తకం గుర్తు తెచ్చుకోండి. మూడేళ్ళ లెక్క అందులో ఉంది. ఊరికి వారానికి 300 కిలోల టమాటాలు కావాలని పుస్తకం చెప్పింది. నా నలభై మొక్కలు వారానికి పన్నెండు కిలోలు ఇచ్చాయని నా మడి చెప్పింది. మిగతా లెక్క ఆ పిల్లే చేసింది: 300 కిలోలకు వెయ్యి మొక్కలు కాపులో ఉంటే చాలు. పదకొండుమందికి పంచితే మనిషికి తొంభై మొక్కలు. ఒక మొక్క ఏడు వారాలు కాస్తుంది గనక ఏడు వారాలకొకసారి వెయ్యి మొక్కలు నాటితే సంతకు ఎప్పుడూ టమాటాలుంటాయి. మరి ఆ నవంబరులో మావాళ్ళు నాటిన మొక్కలు ఎన్ని? ఎవరు ఎంత నారు వేశారో కలిపి చూస్తే, పదివేలు దాటింది!

అప్పటినుంచి సంతలో ధరల పలక పక్కన ఇంకొక పలక వచ్చింది. దానికి "విత్తుల పలక" అని పేరు పెట్టాం. దానిమీద ధరలుండవు. ఎవరు, ఏ నెలలో, ఏ కూర, ఎంత వేస్తారో ఉంటుంది. తోటకూరకు పాతిక, ముప్ఫై రోజులు. వంగకు నారుమడితో కలిపి మూడు నెలలు. కందకు ఎనిమిది, తొమ్మిది నెలలు. కావలసిన రోజునుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తే రోజు రాస్తాం. ఎండలు మండేటప్పుడు, రాత్రిళ్ళు కూడా ఉక్కపోసేటప్పుడు టమాటా పూత రాలిపోతుంది, పిందె నిలవదు. కాబట్టి ఆ నెలల గడి ఖాళీగా వదిలి, అక్కడ బెండ, దోస, బీర వేస్తాం.

పలకమీద రాయటం తేలిక. దానిమీద నిలబడటం కష్టం. 2023 జులైలో టమాటా ధర మళ్ళీ 100 రూపాయలు దాటింది. పలక చెరిపేసి అందరం టమాటాయే వేద్దామని కొందరు లేచారు. ఆ పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతికి వచ్చింది. "ఈ వంద ఏప్రిలులో వేసినవాళ్ళది" అని ఊరుకుంది. నలుగురు రైతులు పలక విడిచి ఉన్నదంతా టమాటా నాటారు. ఆ పిల్ల తండ్రి సగం పలక ప్రకారం వేసి, సగం టమాటా నాటాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అప్పుంది, అప్పు తొంభై రోజులు ఆగదు. వాళ్ళ పళ్ళు అక్టోబరులో వచ్చాయి. సెప్టెంబరులోనే ధర విరిగిపోయి, కర్నూలు వైపు రైతులు పళ్ళు రోడ్డు పక్కన పారబోశారు. మా నలుగురిలో ఇద్దరు రెండో కోతకే కూలి గిట్టక తోట వదిలేశారు. ఆ పిల్ల తండ్రి మాత్రం బీరకాయలతో గట్టెక్కాడు.

విత్తుల పలక మంత్రం కాదని కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పలకమీద రాసిన పంట రాసినట్టే ఉంది. పొలంలో మాత్రం మోకాటిలోతు నీళ్ళు. మూడు ఆదివారాలు సంతలో పట్టుమని పది గంపలు రాలేదు. అప్పుడు ఆదుకున్నవి ముందే కోసి అటకమీద పెట్టుకున్న గుమ్మడికాయలు, డబ్బాల్లో దాచిన టమాటా ఒరుగులు. అందుకని పలకమీద ఒక గడి నిలవ ఉండే కూరలకని తీసిపెట్టాం. అది ఎన్నడూ ఖాళీగా ఉండకూడదని ఇప్పుడు అందరి ఒప్పందం.

పిల్లలూ, ఈసారి మీ ఇంట్లో ఎవరైనా సంతకు వెళ్ళేటప్పుడు వాళ్ళ వెంట మీరూ వెళ్ళండి. అమ్మే అవ్వనో, తాతనో మర్యాదగా మూడు సంగతులు అడగండి. ఇది ఎప్పుడు విత్తారు? ఎప్పుడు కోశారు? దీని తరువాత ఏం వేస్తారు? పండించిన మనిషైతే మూడింటికీ తడుముకోకుండా చెబుతారు. మీ మాటకు ముచ్చటపడి ఒక కాయ కొసరు కూడా వెయ్యవచ్చు! కొని తెచ్చి అమ్మేవారైతే మొదటి ప్రశ్నకు నవ్వి ఊరుకుంటారు. వారిని చిన్నచూపు చూడకండి. వారు లేకపోతే మదనపల్లె టమాటా మీ ఊరికి రాదు.

చివరగా మీకొక లెక్క ఇస్తాను. మా ఇళ్ళలో సంక్రాంతికి గుమ్మడికాయ లేనిదే పండుగ జరగదు. జనవరి 13న, అంటే భోగి కొన్నిసార్లు వచ్చే తేదీకి, గుమ్మడికాయ కోతకు రావాలి. గింజ వేసిన 110 రోజులకు కాయ పండుతుందనుకుందాం. గింజ ఏ తేదీన వెయ్యాలి? వెనక్కి లెక్కపెట్టండి. ఏ నెలకు ముప్ఫై రోజులో, ఏ నెలకు ముప్ఫై ఒకటో మరిచిపోకండి. తేదీ దొరికిందా? దాన్ని మీ ఇంటి క్యాలెండరులో చుట్టి పెట్టండి. ఆ రోజు పెరట్లో, పెరడు లేకపోతే పక్కింటివారిని అడిగి వాళ్ళ దొడ్లో, రెండు గింజలు పాతండి. రెండెందుకంటే, ఒకటి మొలవకపోయినా ఒకటి మొలుస్తుంది.